వదినకు ఆదివారం

మార్చి 3, ఆదివారం మధ్యాహ్నం

పూజ్యులైన అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా కెమెరా క్షేమం. అక్కడ నువ్వూ, నీ కళ్ళజోళ్ళ దుకాణమూ క్షేమమని వదిన చెప్పింది. చెప్పడమంటే అలా ఇలా కాదు. పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దిగేదాకా చెబుతూనే ఉంది. ఈ ఉత్తరం ఆ సంగతి గురించే.

నీ ఇంటికీ నా గదికీ మధ్య రెండు వీధులు. అయినా కాగితం మీద రాసుకోవాల్సిన గతి పట్టింది. ఫోను చేస్తే ఎత్తవు. ఎదురుపడి ఏదైనా మొదలుపెడితే "రాసి పంపవే, నింపాదిగా చదువుకుంటాను" అంటావు, నేనేదో అర్జీ పెట్టుకోవడానికి వచ్చినట్టూ, నువ్వు పెద్ద అధికారివైనట్టూ. సరే, రాస్తున్నాను. వదిన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించాను. విప్పొద్దని కూడా చెప్పాను.

నా సంగతి నీకు తెలియంది కాదు. ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో వారమంతా జనం ఎముకలకి ఎక్స్‌రేలు తీస్తాను. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆఁ, ఇక వదలండి. పొద్దస్తమానం ఇవే నాలుగు ముక్కలు. ఆదివారం వచ్చిందంటే కదిలేదాన్ని దేన్నైనా చూడాలనిపిస్తుంది, ఎవరితోనూ మాట్లాడకుండా. అందుకే తెల్లవారుతూనే మొదటి బస్సు పట్టుకుని బండల తీరానికి పోతాను. అక్కడ అలలున్నాయి, పాత చెక్క వంతెన ఉంది, నేనున్నాను. మొన్న మొన్నటిదాకా అంతే. ఇప్పుడు వదిన వచ్చి చేరింది.

"ఆదివారం పూట మీ వదినను కూడా తీసుకుపోరాదూ, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నావు. రెండేళ్ళుగా దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుని నిన్ను కాపలా కాస్తోందనీ, ఆ ఒక్కరోజైనా నీకు ఊపిరాడాలనీ మొత్తుకున్నావు. నేనూ జాలిపడి తలూపాను. కొరివితో తల గోక్కున్నాను.

ఇవాళ్టి సంగతే చూడు. సముద్రం పోటు తగ్గి ఉంది. బండలన్నీ నున్నగా, తడిగా బయటపడ్డాయి. పల్చటి మబ్బు. అలాంటి వెలుతురు ఎప్పుడో గానీ దొరకదు. ట్రైపాడ్ నిలబెట్టి, వైడ్ లెన్సు బిగించి, దాని ముందు నల్ల ఫిల్టరు పెట్టాను. అది పెడితే షట్టర్‌ని అర నిమిషం దాకా తెరిచి ఉంచవచ్చు. అలలు అలల్లా కాకుండా బండల మీద పాలు పొంగినట్టు వస్తాయి. ఆ అర నిమిషం కెమెరా చుట్టుపక్కల చీమ కూడా తుమ్మకూడదు. వదినకు ముందే చెప్పాను. "అయ్యో, నేనెందుకు కదుల్తాను అమ్మాయ్" అంది. అని, సరిగ్గా షట్టర్ తెరుచుకున్నాక, ట్రైపాడ్ కాలు ఊతగా పట్టుకుని బండ ఎక్కింది.

రెండోసారి కెమెరాకి ఎదురుగా వచ్చి నిలబడి, చిన్నప్పుడు స్కూల్లో తనకి పాటలు నేర్పిన టీచరమ్మ గురించి మొదలుపెట్టింది. ఫోటోలో అలలన్నీ పాలలా వచ్చాయి. మధ్యలో వదిన విగ్రహంలా వచ్చింది. మూతి దగ్గర మాత్రం మసక. ఒళ్ళంతా ఆగినా అదొక్కటి ఆగలేదు కదా.

ఏదో ఒక పని అప్పజెబితే ఊరుకుంటుందని నా పాత కెమెరా చేతికిచ్చాను. కొందరికి పుట్టుకతోనే చూపు ఉంటుందంటారు. వదినకు లేదు. తీసిన ప్రతి ఫోటోలోనూ సముద్రం కుడివైపుకి ఒలికిపోతోంది. ఒకదాంట్లో తన వేలు, ఇంకోదాంట్లో నా వీపు. మధ్యలో వేరుశనగలు తిని, తొక్కలు పారెయ్యడం తప్పని నా లెన్సుల బ్యాగులో వేసింది. ఇసుకని దులపడానికే నాకో బ్రష్షూ, గాలి కొట్టే రబ్బరు బుర్రా ఉన్నాయి. వేరుశనగ తొక్కలకి ఎవరూ ఏ పరికరమూ కనిపెట్టలేదు.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా. నేను లెన్సు కొన్నప్పుడల్లా "మనిషికి ఒక జత అద్దాలు చాలు, నీకిన్ని కళ్ళెందుకే" అని ఎగతాళి. నీ దుకాణంలో దూరానికో అద్దం, దగ్గరికో అద్దం, రెండూ కలిపి ఇంకో అద్దం అమ్ముతావే, అప్పుడు గుర్తు రాదా? వైడ్ లెన్సు కాళ్ళ దగ్గరి బండని చూస్తుంది. పొడుగు లెన్సు ఎక్కడో పడవ కొన మీద వాలిన పక్షిని చూస్తుంది. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. బరువంటావా, నిజమే. ఏటికేడు నా మోకాళ్ళు అరుగుతున్నాయి గానీ బ్యాగు అరగడం లేదు. ఓ చిన్న తేలిక కెమెరా కొనుక్కుని ఇవన్నీ వదిలించుకుందామా అని ప్రతి వారం బస్టాపులో అనుకుంటాను. బండలు కనపడగానే మర్చిపోతాను.

నా మనవి ఒకటే. వచ్చే వారం వదినను ఇంట్లోనే ఉంచుకో. లేదా నువ్వూ రా. ఆవిడ మాటల్లో సగం వాటా నువ్వు పుచ్చుకో.

ఇట్లు,
విసిగి వేసారిన నీ చెల్లెలు

తా.క. మేనకోడలు హాస్టల్ నుంచి మళ్ళీ నాకు ఫోను చేసింది. నీ దుకాణం చూసుకుంటుందని నువ్వు ఆశపడ్డావు, అది ఓడల ఇంజన్ల చదువులో చేరింది. ఏడాదిన్నర దాటింది కదా, ఇంకా కోపమేనా? అది "నాన్నా" అనగానే "ఆఁ, ఆఁ, ఇదిగో మీ అమ్మకిస్తున్నా" అని ఫోను ఇచ్చేస్తావట. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. పంతానికైనా ఓ హద్దుండాలి.

*

మార్చి 24, ఆదివారం సాయంత్రం

అన్నయ్యకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. నువ్వు క్షేమం. వదిన మోకాలు చెక్కుకుపోయింది. నా పొడుగు లెన్సు సముద్రం అడుగున ఉంది. ఉప్పునీళ్ళు తాగిన కెమెరా నా బల్ల మీద తెల్లగుడ్డ కప్పుకుని పడుకుంది.

నువ్వూ రా అన్నది నేనే. నా నోటికి బుద్ధి లేదు. వస్తావని ఎవరనుకున్నారు? వచ్చావు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వదినా మాట్లాడలేదు, అదో వింత. దిగాక ఆవిడ మామూలుగానే నాతో మొదలుపెట్టింది, నువ్వు మాత్రం పీతల్ని చూడటానికి తిన్నగా బండల అంచుకి పోయావు.

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి ఏం జరిగిందో నీకు తెలుసనుకోవడం పొరపాటు. నువ్వు గుంటలోకి తొంగి చూస్తున్నావు. నేను చెబుతాను, వినుకో.

ఆ బండల దగ్గర సముద్రం చూడటానికి సాధువు. కానీ ఉండుండి ఒక పెద్ద అల వస్తుంది. అందరూ నిలబడే చోటు దాటి పైకెక్కుతుంది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి నాకా హద్దు తెలుసు. "అన్నయ్యా, అంత ముందుకు పోకు" అని ట్రైపాడ్ దగ్గర్నుంచే చెప్పాను. తిరిగి చూడలేదు. మళ్ళీ చెప్పాను. చెల్లెలి మాట వింటే చిన్నతనం అనుకున్నావో ఏమో, కూర్చున్నవాడివి అలాగే కూర్చున్నావు.

అప్పుడు వచ్చింది ఆ అల. దూరం నుంచే నల్లగా లేచి కనపడింది. గొంతు చించుకుని అరిచాను. చెక్క వంతెన మీద గాలం వేసుకుంటున్న ఆయన, నీకెవరో తెలియని మనిషి, ఆయన కూడా అరిచాడు. ఆ కేకలకి వంతెన మీది పక్షులన్నీ లేచిపోయాయి. నువ్వు మాత్రం పీత కేసి చూస్తున్నావు.

వదిన సంగతి ఇంకా విడ్డూరం. నోరు తెరిస్తే మూయని మనిషి కదా, ఆ క్షణాన ఒక్క కేక కూడా వెయ్యలేదు. చేతిలో ఉన్న ఫ్లాస్కు పారేసి, చెప్పులు వదిలేసి, పాచి పట్టిన బండల మీద పరిగెత్తింది. ఎలా జారలేదో నాకిప్పటికీ తెలియదు. నీ చొక్కా వెనక పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. అల మీ నడుముల దాకా వచ్చి, కాసేపు ఆలోచించుకుని, వెనక్కి పోయింది. పోతూ పోతూ నిన్ను కాకుండా నా లెన్సుని తీసుకుపోయింది. మీ వైపు పరిగెత్తేటప్పుడు తెరిచిన బ్యాగు బండ మీదే వదిలేశాను. ట్రైపాడ్ నా కాలు తగిలి పడిపోయింది. కెమెరా మొహం మీద పడి, నీళ్ళ గుంటలో బుడగలు విడిచింది.

సరే, వస్తువులు పోతాయి. మనుషులు మిగిలారు. అంతవరకూ నాకూ తెలుసు. కానీ నువ్వు లేచి, ప్యాంటు పిండుకుంటూ ఏమన్నావో గుర్తుందా? "ఏమైందిప్పుడు, తడిశాం, అంతేగా" అన్నావు. వదిన మోకాలి నుంచి రక్తం కారుతోంది. నేను ఏడుస్తున్నాను. బస్సులో నీ వెనక సీట్లో కూర్చుని ఊరు వచ్చేదాకా నిన్ను తిట్టాను. డ్రైవరు అద్దంలోంచి చూసి జాలిపడ్డాడు. నీకు చీమ కుట్టినట్టైనా లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నీతో మాట్లాడటం.

ఇకమీదట నా ఆదివారాలు నావి. ఇద్దరూ రావద్దు. పాత కెమెరా, దానికున్న ఒక్క లెన్సు, అవే నాకు మిగిలాయి. ఒక్క లెన్సుతో తీస్తేనే అసలైన కళ అబ్బుతుందని పుస్తకాల్లో రాసేవాళ్ళున్నారు. వాళ్ళని ఆ బండ అంచున, పీతల పక్కన కూర్చోబెట్టాలి.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. నీ చదరంగం స్నేహితుడు బస్టాపులో కనపడ్డాడు. ఆటకి రావడం ఎందుకు మానేశారంటే, "ఎత్తు వేసి మాట్లాడితే జవాబు చెప్పడు, మీ అన్నయ్యకి పొగరెక్కింది" అన్నాడు. కాదని నీ తరపున వాదించే ఓపిక నాకు లేకపోయింది.

*

ఏప్రిల్ 3, బుధవారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కోపంగానే రాస్తున్నాను. కానీ పోయినసారి కోపం వేరు, ఇది వేరు.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా నీ దుకాణానికి వచ్చాను. నువ్వు ఉత్తరానికి జవాబివ్వలేదు కదా, మొహం మీదే కడిగేద్దామని. వదిన మోకాలికి కట్టు మార్పించుకోవడానికి పోయిందట, కౌంటరు ఖాళీగా ఉంది. ఒక పెద్దావిడ నిలబడి "ఏవండీ, ఏవండీ, నా కళ్ళజోడు అయిందా" అని పిలుస్తోంది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవిడ "ఇంత నిర్లక్ష్యమైతే ఎలా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

నేను లోపలికొచ్చాను. నువ్వు వెనక గదిలో దీపం కింద వంగి, అద్దం అంచు గుడ్డతో తుడుస్తున్నావు. అరగదీసే మిషను ఆగి ఉంది. గదిలో ఏ చప్పుడూ లేదు. నేను గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాను. లెన్సుతో మొదలుపెట్టి, పీతల మీదుగా, పిల్ల ఏడుపు దాకా వచ్చాను. నా గొంతు నీకు తెలుసు, మెత్తనిది కాదు. నువ్వు కూనిరాగం తీస్తున్నావు. నిన్ను తిడుతుంటే కూనిరాగం తీస్తావా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమనాలో తోచక, "సరే అన్నయ్యా, నేను ఉద్యోగం మానేసి పెళ్ళి చేసుకుంటున్నాను" అన్నాను.

అప్పుడు నువ్వు అద్దాన్ని దీపానికి ఎత్తిపట్టి చూశావు. దాంట్లో నా నీడ కనపడిందేమో, ఉలిక్కిపడ్డావు. అద్దం చేతిలోంచి జారి గచ్చు మీద పడి పగిలింది. "నువ్వెప్పుడొచ్చావే" అన్నావు. చాలాసేపైంది, నీతోనే మాట్లాడుతున్నానన్నాను. నువ్వు నా పెదాల కేసి చూసి, "తెలుసులే, విన్నాను, పనిలో ఉండి పలకలేదు" అన్నావు.

ఏం విన్నావని అడిగితే, "నువ్వెప్పుడూ అనేదేగా. అలాగే కానీ" అన్నావు.

ఈ వయసులో నా పెళ్ళికి అంత తేలిగ్గా ఒప్పుకున్న అన్నయ్యను చూసి నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అనుమానం వచ్చింది. నువ్వు పగిలిన ముక్కలు ఏరుతూ అటు తిరిగావు. నేను మామూలు గొంతుతో, నీ వీపు కేసి చూస్తూ, "అన్నయ్యా, దుకాణానికి నిప్పంటుకుంది" అన్నాను. నువ్వు ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టావు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా మంగలి దుకాణం ఆయన "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని అడిగాడు. కంట్లో నలుసు పడిందన్నాను. కళ్ళజోళ్ళ దుకాణం ముందు కూర్చుని ఆ అబద్ధం నేనొక్కదాన్నే చెప్పి ఉంటాను.

అన్నయ్యా, నీకు వినపడదు. అలలు ఒక సాకు, పని ఒక సాకు, ఫోన్లో గరగర ఒక సాకు. వినపడదని ఒక్క ముక్క చెప్పడానికి నామోషీ పడి, పొగరుబోతని అనిపించుకున్నావు. మొండివాడని, పంతగాడని, గుండె లేనివాడని అనిపించుకున్నావు. వాటన్నిటికంటే చెవుడు పెద్ద తప్పా? చదరంగం ఆయన పోయాడు. కూతురు రోజూ ఏడుస్తోంది, నాన్న క్షమించలేదని. నేను బస్సులో అందరి ముందూ నిన్ను తిట్టి, చాలక ఉత్తరంలో చెవిటివాడి ముందు శంఖమని రాశాను. ఆ మాట గుర్తొస్తే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తోంది. అదీ నీ వల్లే. నన్ను ఎంత కానిదాన్ని చేశావో చూడు.

పైగా నువ్వు! కళ్ళజోడు పెట్టుకోనని ఏడ్చే పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "అద్దం ఎవరిదైతేనేం, దాంట్లోంచి చూసేదంతా నీదే" అని బుజ్జగించే మనిషివి! నామోషీ పడే పెళ్ళికూతుళ్ళకి ఫ్రేములు ఎంచి పెట్టే మనిషివి! కంటి మీద అద్దం ముద్దు, చెవిలో మిషను చేదా? మరి ఆ రోజు అల నిన్ను తీసుకుపోయి ఉంటే? నీ నామోషీని ఏ బండ మీద వెతుక్కునేవాళ్ళం?

మా ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసే ఆవిడతో మాట్లాడాను. శుక్రవారం పొద్దున రమ్మంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంటుంది. నొప్పేమీ ఉండదు. వినపడకపోయినా నొక్కి మోసం చెయ్యాలని చూడకు. నీ గురించి ముందే చెప్పి ఉంచాను.

నేను గేటు దగ్గర నిలబడతాను. నువ్వు రాకపోతే నేనే దుకాణానికి వచ్చి, కళ్ళ పరీక్షకి గోడకి తగిలించిన ఆ అక్షరాల పటం తీసేసి, దాని స్థానంలో ఈ ఉత్తరం మేకు కొట్టి పెడతాను. పై వరుస నుంచి అందరూ చదువుకుంటారు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. నేను పెళ్ళి చేసుకోవడం లేదు. నువ్వు కంగారు పడతావని కాదు, ఎవరితోనూ అనకుండా ఉంటావని చెబుతున్నాను.

*

జూన్ 2, ఆదివారం రాత్రి భోజనానికి ముందు

గౌరవనీయులైన అన్నయ్య గారికి,

ఇప్పుడు నీకు అన్నీ వినపడుతున్నాయి కాబట్టి మర్యాదగా మొదలుపెట్టాను. నమస్కారాలు. నేను క్షేమం. నా చెవులకి మాత్రం నీ వల్ల చిల్లులు పడ్డాయి.

నువ్వు ఆ శుక్రవారం చెవి పరీక్షకి వస్తావని నేననుకోలేదు. వచ్చావు, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, వదిన చెయ్యి పట్టుకుని. ఆ అద్దాల గదిలో మీట చేతిలో పెట్టుకుని, ఏ చప్పుడూ రాకపోతే ఎంతసేపు ఎదురు చూశావో బయట్నుంచి నేను చూశాను. దాని గురించి ఇక రాయను. మనిద్దరికీ తెలుసు, చాలు.

కానీ ఆ మిషన్లు చెవుల్లోకి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు పెడుతున్న హింస గురించి రాయక తప్పదు. ఫ్రిజ్జు మూలుగుతోందంటావు. పేపరు తిప్పితే పిడుగు పడ్డట్టుందంటావు. నీ చెప్పుల చప్పుడుకి నువ్వే వెనక్కి తిరిగి చూస్తావు. పోనీ అని ఓర్చుకున్నాం. ఇవాళ బండల తీరానికి నువ్వే పట్టుబట్టి వచ్చి, సముద్రం ముందు నిలబడి, "ఇదేం గోలే, ఎప్పుడూ ఇంతేనా" అన్నావు. అవునన్నయ్యా, ఎప్పుడూ ఇంతే. నీ కోసం తగ్గించమని దాంతో చెప్పలేం.

ఇక నా పని సాగనిచ్చావా? పాత కెమెరా షట్టరు కొట్టినప్పుడల్లా "అంత టపటప ఏమిటి, నూనె వెయ్యకూడదూ" అని సలహా. ఆ పైన మిషన్ల గురించి ఉపన్యాసం. ఏ కంపెనీది గాలి హోరుని ఆపుతుంది, దేని బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, చెవి లోపలికి పోయేది మేలా, వెనక తగిలించేది మేలా. సముద్రపు గాలికి ఉప్పు పడుతుందని నా లెన్సు గుడ్డ లాక్కుని వాటిని తుడిచావు. దుకాణంలో కాటలాగులు తెప్పించుకుని గుర్తులు పెట్టుకుంటున్నావట! మనిషికి ఒక జత చాలన్న పెద్దమనిషి ఎవరో? నా రోగమే నీకూ పట్టింది. మందు లేదు, నన్ను అడగొద్దు.

అయినా ఒక్క మాట. బస్టాపులో ఫోను తీసి, అంతమంది ముందు, అమ్మాయికి నువ్వే చేశావు చూడు. అది "అమ్మా" అంది కాబోలు, "అమ్మ కాదే, నేను" అన్నావు. అవతల అది ఏం మాట్లాడిందో మాకు తెలియదు. నువ్వు బస్సు వచ్చినా ఎక్కలేదు. ఇంజను గదిలో ఎంత చప్పుడుంటుందో అడిగావు, చెవులు జాగ్రత్త అన్నావు, ఆ తర్వాత ఇద్దరూ దేనికో నవ్వుకున్నారు. మనం ఆ బస్సు పోగొట్టుకుని ఎండలో నిలబడ్డాం. నేను నిన్ను తిట్టలేదు. అది గమనించావో లేదో.

వదిన సంగతే అర్థం కావడం లేదు. నువ్వు వినగలిగాక ఇంకెంత మాట్లాడుతుందో అని నేను దూది తెచ్చుకున్నాను. ఆవిడ బండ మీద కూర్చుని బిస్కెట్లు తింటూ, అలల కేసి చూస్తూ ఊరుకుంది. కెమెరా ఇస్తే వద్దంది. టీచరమ్మ కథ ఆ తర్వాత ఏమైందని నేనే అడిగాను. నేనే! "ఏం లేదమ్మాయ్, కాస్త అలిసిపోయాను" అంది. నువ్వేమైనా అన్నావా? అంటే మాత్రం నాకు చెప్పు, వచ్చి పోట్లాడతాను.

పొడుగు లెన్సు కొత్తది కొనలేదు. పాత దానితోనే తీస్తున్నాను. ఏ ఫోటో బాగా రావడం లేదు. దానివల్ల నాకే జ్ఞానోదయమూ కాలేదని నీకు తెలియజేసుకుంటున్నాను.

కవర్లు అయిపోయాయి. మడిచి ఇలాగే వదిన చేతికిస్తున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఏమండీ, ఇది నా చేతిరాత. కాగితం కింద జాగా ఉందని రాస్తున్నాను. నోటితో చెబుదామంటే, రెండేళ్ళుగా మీకు ఎదురుగా నిలబడి, పొట్టి పొట్టి మాటలు గట్టిగా చెప్పడమే అలవాటైపోయింది. ఇంత పొడుగు మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మీకు వినపడటం లేదని నాకు మొదట్నుంచీ తెలుసు. ఒకావిడ నల్ల ఫ్రేము వద్దని చెబితే మీరు నల్లదే బిగించి ఇచ్చారు. ఆవిడ మన ఇంటికొచ్చి నా ముందు ఏడ్చింది. ఆ మర్నాటి నుంచే నేను కౌంటరు దగ్గర కూర్చున్నాను. కాపలాకి కాదు. వచ్చినవాళ్ళు చెప్పింది విని, మీ ముందుకొచ్చి మళ్ళీ చెప్పడానికి. మీరు దాచుకుంటున్నారని, తెలిసిన సంగతి నేనూ దాచుకున్నాను. మీ పరువు నిలబెడుతున్నాననుకున్నాను. అమ్మాయికి "నాన్న నిన్ను అడిగారు" అని అబద్ధం, మీకు "అమ్మాయికి తొందరగా ఉందట" అని అబద్ధం. దాని ఏడుపులో నా వాటా కూడా ఉంది. మీ చెల్లెలు ఒక్క సాయంత్రంలో తేల్చిన దాన్ని నేను రెండేళ్ళు నెత్తిన మోశాను.

ఆరు రోజులూ నా నోట్లో ఊళ్ళోవాళ్ళ మాటలే. ఫ్రేము వదులైంది, అద్దం మీద గీత పడింది, ఎప్పుడిస్తారు. ఆదివారం పూటే నా మాటలు. పాపం, మీ చెల్లెలు వాటికి బలైంది. ఇవాళ మీరు బస్టాపులో అమ్మాయితో నవ్వడం విన్నాక, ఇక నేను అలల దగ్గర వాగక్కర్లేదేమో, ఇంట్లోనే చెప్పుకోవచ్చేమో అనిపించింది. అనిపించగానే భయమేసింది. అందుకే ఊరుకున్నాను.

రేపటి నుంచి దుకాణానికి రాను. కౌంటరు దగ్గరికి ఇంకెవరినైనా చూసుకోండి. సాయంత్రం మూసేసి తిన్నగా ఇంటికి రండి, చెవుల్లోవి తియ్యకండి. నేను మీ ఎదురుగా రాను. వంటింట్లోంచే పిలుస్తాను. పలకండి.